గుడ్డు లేని కేకు

కలకత్తాలో డిసెంబర్ వచ్చిందని తెలుసుకోవడానికి క్యాలెండర్ అక్కర్లేదు. హైదరాబాద్ వాళ్లు ఫ్యాను వేసుకునే వాతావరణంలోనే ఆ నగరం మంకీ క్యాప్ తగిలించుకుంటుంది. మిఠాయి దుకాణాల్లోకి ఖర్జూర బెల్లం సందేశ్ దిగుతుంది. న్యూ మార్కెట్ లోపల నహూమ్ అండ్ సన్స్ అనే పాత బేకరీ ముందు వరస మొదలవుతుంది. క్రిస్మస్ దగ్గరపడేకొద్దీ ఆ వరస గుమ్మం దాటి మార్కెట్ సందుల్లోకి మెలికలు తిరుగుతుంది.

అందులో నిలబడేవాళ్లలో క్రైస్తవులు కొద్దిమందే. బెంగాలీలు క్రిస్మస్‌ను 'బొడొదిన్' అంటారు. పెద్ద రోజు అని అర్థం. మనం సంక్రాంతిని పెద్ద పండుగ అన్నంత మామూలుగా అంటారు. ఏ మతం వాళ్లయినా సరే, ఆ రోజు ఇంట్లో కేకు ఉండాలి. కొనేవాళ్లలో ఎక్కువమంది హిందువులు, తర్వాత ముస్లింలు. దుకాణం పెట్టింది యూదు కుటుంబం. కలకత్తా దీనికి ఆశ్చర్యపోవడం ఎప్పుడో మానేసింది. ఆశ్చర్యమంతా బయటి నుంచి వెళ్లే పత్రికలవాళ్లదే.

2024 డిసెంబర్ రెండో వారంలో ఆ వరసలో హైదరాబాద్ నుంచి వెళ్లిన ఒక రిటైర్డ్ లెక్చరర్ నిలబడ్డారు. వయసు 62. ఆమె పుట్టింది విజయనగరంలో అమ్మమ్మగారింట్లో. పెరిగింది మాత్రం ఈ దుకాణానికి అయిదారు నిమిషాల నడక దూరంలో, ఫ్రీ స్కూల్ స్ట్రీట్ నుంచి చీలే ఒక సందులో. ఆ వీధి పేరు ఇప్పుడు మీర్జా గాలిబ్ స్ట్రీట్. 1976లో తండ్రికి విశాఖపట్నం బదిలీ అయితే కుటుంబం హౌరాలో రైలెక్కింది. అప్పుడామెకు పద్నాలుగేళ్లు. మళ్లీ కలకత్తాలో అడుగు పెట్టడానికి 48 ఏళ్లు పట్టింది. వెళ్లింది స్నేహితురాలి కూతురి పెళ్లికి. వరసలో నిలబడింది తల్లి కోసం.

తల్లికి 85 ఏళ్లు. కూతురు కలకత్తా వెళ్తోందని తెలిసిన రోజున ఆవిడ అడిగింది ఒక్కటే. "ఆ కేకు తేవే. యుద్ధం ఏడాది మీ నాన్నగారు తెచ్చారు చూడూ, గుడ్డు లేనిది."

చిక్కేమిటంటే ఆ కేకులో గుడ్డు ఉంది. అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఆ సంగతి తండ్రికి తెలుసు. ఇద్దరు పిల్లలకూ తెలుసు. ఆవిడకు మాత్రం యాభై మూడేళ్లుగా ఎవరూ చెప్పలేదు.

ఆ అబద్ధం ఎందుకు అవసరమైందో తెలియాలంటే ఆ ఇల్లు ఎలాంటిదో తెలియాలి. కలకత్తాలో తెలుగువాళ్లు ఎక్కువగా కనిపించే చోట్లు కొన్ని ఉన్నాయి. గార్డెన్ రీచ్‌లో రైల్వే ప్రధాన కార్యాలయం చుట్టుపక్కల, అది బెంగాల్ నాగపూర్ రైల్వేగా ఉన్న రోజుల నుంచీ ఉన్నారు. హుగ్లీ నది వెంబడి జూట్ మిల్లుల కూలీ లైన్లలో ఉన్నారు. కాస్త జీతం పెరిగినవాళ్లు లేక్ మార్కెట్ దగ్గర, తమిళుల పొరుగున ఇల్లు వెతుక్కునేవారు. కరివేపాకు, కాఫీ గింజలు, అరటాకులు దొరికేది అక్కడే. డల్హౌసీ స్క్వేర్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో గుమాస్తాగా చేరిన ఆ తండ్రి మాత్రం ఫ్రీ స్కూల్ స్ట్రీట్ పక్కన రెండు గదుల వాటా తీసుకున్నారు. అద్దె తక్కువ, ఆఫీసుకు నడిచిపోవచ్చు. పైవాటాలో ఆంగ్లో ఇండియన్ కుటుంబం. ఎదురుగా బిహారీ ముస్లిం దర్జీ. సందు మొదట్లో చైనావాళ్ల లాండ్రీ.

కాపురానికి వచ్చేనాటికి ఆ ఇల్లాలికి కలకత్తా అంటే చక్రపాణి తెలుగు చేసిన శరత్ నవలలే. ఆ తరం తెలుగు ఆడవాళ్లు చాలామందికి అంతే. తలమీద ముసుగు వేసుకున్న కోడళ్లు, పెద్ద పెద్ద లోగిళ్లు, చెరువు మెట్లు ఊహించుకుని దిగిన మనిషికి కిటికీ తీస్తే కబాబుల పొగ. గుడ్డు అన్న మాటే వంటింట్లో పలకని ఇల్లు ఆవిడది. తప్పనిసరైతే 'అది' అనేవారు. మడి కట్టుకుని కుళాయి దగ్గర నీళ్లు పడుతున్నప్పుడు పక్కవాళ్ల బకెట్ తగిలితే మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టాల్సిందే. గుమ్మం దాకా కలకత్తా, గుమ్మం లోపల విజయనగరం. పదిహేనేళ్లు ఆవిడ అలాగే నెగ్గుకొచ్చారు. బెంగాలీ మాత్రం గలగలా మాట్లాడేవారు. ఆ భాషను ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆ గుమ్మం దాటగలిగిన బేకరీ సరుకు రెండే. బ్రెడ్డు, రస్కులు. అవీ జ్వరం వచ్చినప్పుడే. అప్పట్లో తెలుగునాట బ్రెడ్డు అంటే మందుల షాపు సరుకు కిందే లెక్క. పాలలో ముంచిన రొట్టె ముక్క చేతికిచ్చారంటే ఒళ్లు కాలుతోందన్నమాట. కలకత్తాలో అదే రొట్టెను 'పావురుటి' అని పొద్దున్నే టీతో పాటు ఊరంతా తినేది. బడిలో తోటి పిల్లల టిఫిన్ డబ్బాల్లో వెన్న రాసిన రొట్టెలు చూసి వచ్చిన ఈ ఇంటి పిల్లలు, తమకెప్పుడు జ్వరమొస్తుందా అని చూసేవారు.

తండ్రి అంత నిష్ఠాపరులు కారు. శనివారం ఆఫీసు ఒంటిపూట. ఆ మధ్యాహ్నాల్లో పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని న్యూ మార్కెట్‌కు తీసుకెళ్లేవారు. 1874 జనవరి 1న తెరిచిన మార్కెట్ అది. కలకత్తాలోని తెల్లవాళ్లు తమకంటూ ఒక బజారు కావాలంటే ఎర్ర ఇటుకలతో కట్టారు. 1903లో సర్ స్టూవర్ట్ హాగ్ పేరు పెట్టినందున పాతవాళ్లకు హాగ్ మార్కెట్. పూలు, జున్ను, పక్షులు, పట్టుచీరలు, ఏది కావాలన్నా ఉండేది. నహూమ్ దుకాణంలో టేకు చట్రాల అద్దాల బీరువాల ముందు పిల్లలు ముక్కులు ఆనించి నిలబడేవారు. ఎక్కువగా కొనేది లెమన్ టార్ట్, మహా అయితే సంబూసక్ అనే జున్ను కూరిన సమోసా. రమ్ బాల్స్ జోలికి మాత్రం తండ్రి వెళ్లనిచ్చేవారు కాదు. పేరు చూసి జడిశారు. తిన్నాక మార్కెట్ కుళాయి దగ్గర నోరు పుక్కిలించి, తలా చిటికెడు సోంపు నమిలి ఇంటికి. "అమ్మకు చెప్పకండి" అని ఒక్కసారే అన్నారు. రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఆ దుకాణం వాళ్ల గురించి ఆఫీసులో ఎవరో చెప్పిన విషయం ఒకటి తండ్రికి బాగా నచ్చింది. ఇంటికొచ్చి భార్యకు కూడా చెప్పారు. యూదులకూ మడి లాంటిది ఉందట. పాలు, మాంసం ఒకే పూట కలిపి తినరట. దేనికి దాని గిన్నెలు వేరట. పొరపాటున ఒకదానిలోది ఇంకొకదానికి తగిలితే తంటాలేనట. ఆవిడ శ్రద్ధగా విన్నారు. "మంచివాళ్లే అన్నమాట" అన్నారు. గుడ్డు పగలగొట్టినప్పుడు రక్తపు చుక్క ఉందేమో చూసి, ఉంటే పారేస్తారన్న మరో నియమాన్ని ఆయన చెప్పకుండా వదిలేశారు. అది చెబితే వాళ్లు గుడ్డు వాడతారన్న సంగతి బయటపడుతుంది.

1971 నవంబర్‌లో ఆ ఇంట్లో మూడో కాన్పు కష్టమైంది. బిడ్డ దక్కలేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన తల్లి మంచం దిగలేదు. అన్నం సహించేది కాదు. చూసిన డాక్టరు బెంగాలీ. ఒంట్లో రక్తం లేదన్నారు. టానిక్కు రాసి, రోజుకు రెండు గుడ్లు పెట్టమని ఆవిడ ఎదుటే చెప్పారు. ఆవిడ గోడవైపు తిరిగి పడుకున్నారు.

ఊళ్లో పరిస్థితి కూడా అలాగే ఉంది. తూర్పు పాకిస్థాన్ నుంచి దేశంలోకి వచ్చిన శరణార్థులు దాదాపు కోటి మంది. వాళ్లలో ఎక్కువమంది భారం పశ్చిమ బెంగాల్ మీదే. సాల్ట్ లేక్‌లో శిబిరాలు, సీల్దా స్టేషన్ నిండా మనుషులు. డిసెంబర్ 3న ఇందిరా గాంధీ కలకత్తా బ్రిగేడ్ పరేడ్ మైదానంలో సభలో మాట్లాడారు. ఆ సాయంత్రమే పశ్చిమ సరిహద్దులో పాకిస్థాన్ విమానాలు దాడి చేశాయి. కలకత్తాలో దీపాలు ఆరాయి. కిటికీ అద్దాలకు నల్ల కాగితాలు అంటించారు. ఆ చీకట్లో ఒకరోజు తండ్రి ఆఫీసు నుంచి వస్తూ చంకలో అట్టపెట్టె పట్టుకొచ్చారు. ప్లమ్ కేకు. "యూదుల దుకాణంలో మనలాంటివాళ్ల కోసం విడిగా చేయించారు. ఇందులో అది లేదు" అన్నారు. తొమ్మిదేళ్ల కూతురు, ఆరేళ్ల కొడుకు నోళ్లు తెరుచుకుని చూశారు. ఆయన వాళ్లవైపు ఒక చూపు చూశారు.

ఆవిడ తిన్నారు. ముందు గోరంత. మర్నాడు ఒక ముక్క. ఆ పెట్టె అయిపోయాక ఇంకో పెట్టె వచ్చింది. నిజానికి ఒక కేకు ముక్కలో ఉండే గుడ్డు ఎంత? ఆవిడను లేపింది గుడ్డో, చక్కెరో, వెన్నో, కిస్‌మిస్‌లో, లేక టానిక్కో ఎవరూ తేల్చలేరు. జనవరిలో సంక్రాంతికి మాత్రం ఆవిడ లేచి అరిసెలు వండారు.

ఆ యుద్ధం ముగింపులో కలకత్తా యూదుల పాత్ర కూడా ఉందన్నది కూతురికి చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. డిసెంబర్ 16న ఢాకాలో పాకిస్థాన్ సైన్యం లొంగుబాటుకు సంప్రదింపులు నడిపిన మేజర్ జనరల్ జె.ఎఫ్.ఆర్. జేకబ్ కలకత్తాలో పుట్టిన బాగ్దాదీ యూదు. అప్పుడు ఈస్టర్న్ కమాండ్ చీఫ్ ఆఫ్ స్టాఫ్. ఆయన పనిచేసిన ఫోర్ట్ విలియం, న్యూ మార్కెట్ నుంచి చూస్తే మైదానం అవతలే. 2016లో ఆయన మరణించారు.

కలకత్తాకు మొదట వచ్చిన యూదుగా చరిత్రకారులు చెప్పేది షాలోమ్ కోహెన్ పేరు. అలెప్పో నుంచి 1798లో వచ్చారు. తర్వాత బాగ్దాద్ నుంచి వ్యాపారులు వచ్చారు. నీలిమందు, పట్టు, నల్లమందు అమ్మి ఆస్తులు సంపాదించారు. ఎజ్రా కుటుంబం పేరు ఇప్పటికీ ఒక వీధికి ఉంది. 1884లో కట్టిన మాగెన్ డేవిడ్ ప్రార్థనాలయం చూస్తే ఎవరైనా చర్చి అనే పొరబడతారు. అంత ఎత్తు శిఖరం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బర్మా నుంచి పారిపోయి వచ్చినవారితో కలిసి ఇక్కడి యూదుల సంఖ్య అయిదు వేలు దాటింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, ఇజ్రాయెల్ ఏర్పడింది. ఒక్కో కుటుంబం లండన్‌కు, ఇజ్రాయెల్‌కు, ఆస్ట్రేలియాకు వెళ్లిపోయింది. ఇప్పుడు మిగిలినవారు ఇరవై మందికి అటూ ఇటూ. ప్రార్థనాలయాలను తరాలుగా కనిపెట్టుకుని ఉన్నది ముస్లిం కుటుంబాలు. 1881లో మొదలైన యూదు బాలికల పాఠశాలలో చదివేది ఎక్కువగా ముస్లిం అమ్మాయిలు.

నహూమ్ ఇజ్రాయెల్ మొర్దెకాయ్ అనే బాగ్దాదీ యూదు 1902లో ఈ వ్యాపారం మొదలుపెట్టారు. మొదట్లో ఇంటింటికీ తిరిగి అమ్మేవారు. ఇప్పుడున్న దుకాణంలోకి వచ్చింది 1916లో. శుక్రవారం సాయంత్రం సబ్బాత్ భోజనానికి జడలా అల్లిన హల్లా రొట్టె చేసేవారు. దాన్ని కొనే ఇళ్లు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. ప్లమ్ కేకు కొనే ఇళ్లు మాత్రం పెరుగుతూ పోయాయి. దుకాణాన్ని చాలా ఏళ్లు నడిపిన మనవడు డేవిడ్ నహూమ్ 2013 మార్చిలో మరణించినప్పుడు ఇక మూసేస్తారని ఊరంతా అనుకుంది. మూయలేదు. 1985 డిసెంబర్‌లో మార్కెట్‌లో కొంత భాగం అగ్నిప్రమాదంలో కాలిపోయినప్పుడు కూడా ఊరు ఇలాగే బెంగపెట్టుకుంది. పాత వస్తువులు పోతాయని ముందే దిగులుపడటం కలకత్తా అలవాటు. అవి చాలాకాలం పోకుండా ఉండటం కూడా బహుశా అందుకే.

ఆ 2024 డిసెంబర్ ఉదయం ఆమె ముందుగా పాత ఇల్లు వెతికారు. సందు ఉంది. ఇంటి స్థానంలో నాలుగంతస్తుల గెస్ట్ హౌస్ ఉంది. కింద బెంగాలీలో 'రూములు ఖాళీ' అన్న బోర్డు. ఆ ప్రాంతం కొన్నేళ్లుగా బంగ్లాదేశ్ నుంచి వైద్యానికి, షాపింగ్‌కు వచ్చేవారితో బతుకుతోంది. 2024 ఆగస్టులో ఢాకాలో ప్రభుత్వం కూలిపోయాక వీసాలు తగ్గిపోయాయి. హోటళ్లు, మనీ ఛేంజర్లు, భోజనశాలలు వెలవెలబోయాయి. 1971లో ఢాకా నుంచి జనం వచ్చి నిండిన ఊరిలోని ఈ వీధి, ఇప్పుడు ఢాకా నుంచి జనం రాక బోసిపోయింది. గెస్ట్ హౌస్ గుమాస్తాను కుళాయి ఎక్కడుండేదని అడిగితే ఆయన బాత్‌రూమ్ చూపించారు.

దుకాణం వరస గంటకు పైగా పట్టింది. లోపల అద్దాల బీరువాలు అవే. ఒకప్పుడు తలెత్తి చూసిన అరలు ఇప్పుడు నడుము దగ్గరికి వచ్చాయి. కౌంటర్‌లో కుర్రాడు హిందీలో అడిగాడు. ఆమె బెంగాలీలో జవాబిచ్చారు. నలభై ఎనిమిదేళ్లుగా వాడని భాష. 'ఆమాకే దూటో దిన్' అనగానే నోరు దానంతట అదే తిరిగింది. రెండు ప్లమ్ కేకులు, ఒక లెమన్ టార్ట్ తీసుకున్నారు. టార్ట్‌ను మార్కెట్ సందులోనే, గోడకు ఆనుకుని నిలబడి తిన్నారు. లోపలి పసుపుపచ్చ ముద్ద నిమ్మరసం, వెన్న, చక్కెర, గుడ్డు సొనలతో అవుతుంది. చిన్నప్పుడామె అది పసుపు వేసినందువల్ల వచ్చిన రంగని నమ్మారు. వాళ్ల వంటింట్లో పచ్చగా ఉన్నవన్నీ పసుపు వల్లే పచ్చగా ఉండేవి మరి. పులుపు అప్పటిలాగే దవడల దగ్గర జివ్వుమంది. టార్ట్ మాత్రం చిన్నదైపోయిందనిపించింది. చెయ్యి పెద్దదైంది కదా.

పెళ్లికి ఇంకా రెండు రోజులుంది. కేకుల పేరు చెప్పి ఆమె ఊరంతా తిరిగారు. పార్క్ స్ట్రీట్‌లో 1927లో స్విస్ దంపతులు పెట్టిన ఫ్లరీస్‌కు చిన్నప్పుడు వెళ్లే స్తోమత లేదు. ఇప్పుడు వెళ్లి కాఫీ తాగి వచ్చారు. 1930 నాటి సల్దానా బేకరీ గోవా కుటుంబానిది. ఇల్లూ బేకరీ ఒకటే. బో బ్యారక్స్ దగ్గరి బారువా బేకరీ చిట్టగాంగ్ నుంచి వచ్చిన బౌద్ధులది. బెంగాలీ రసగుల్లాకు వాడే విరిగిన పాల ముద్దతోనే అక్కడ ఒక కేకు చేస్తారు. ఇక రోడ్డు పక్క టీ కొట్టుల్లో నూనె కాగితంలో చుట్టి అమ్మే బాపూజీ కేకు ఎవరిదైనా కావచ్చు. పరీక్షలకు వెళ్లే ప్రతి బెంగాలీ పిల్లాడి జేబులోనూ ఒకప్పుడు అదే.

ఈ తిరుగుడులో ఆమె వెతికింది నిజానికి పైవాటా ఆంటీ కేకును. నవంబర్ నుంచే ఆ ఆంగ్లో ఇండియన్ ఇల్లాలు కిస్‌మిస్, నారింజ తొక్క, బూడిదగుమ్మడి మురబ్బా ముక్కలు సన్నగా తరిగి రమ్ములో నానబెట్టేది. అందుకే ప్లమ్ కేకులో ప్లమ్ పళ్లేవని అడగడంలో అర్థం లేదు. పాత ఇంగ్లిష్‌లో కిస్‌మిస్‌నూ ప్లమ్ అనేవారు. ఇంట్లో పొయ్యి సరిపోదు కనుక డిసెంబర్‌లో మైదా, గుడ్లు, వెన్న, నానిన పళ్లు బుట్టలో పెట్టుకుని పేటలోని బేకరీకి తీసుకెళ్లేది. మేస్త్రీ ఆవిడ కళ్లెదుటే కలిపి, కట్టెల భట్టీలో కాల్చి ఇచ్చేవాడు. మన పల్లెల్లో పిండిమర దగ్గర నిలబడి, మన బియ్యం మనకే ఆడారా లేదా అని చూసుకున్నట్టే. ఇప్పటికీ కొన్ని బేకరీల్లో ఆ పద్ధతి ఉంది. ఆ కుటుంబం మాత్రం ఎప్పుడో ఆస్ట్రేలియా వెళ్లిపోయిందని దర్జీ మనవడు చెప్పాడు.

రాత్రి హోటల్ గది నుంచి న్యూజెర్సీలోని తమ్ముడికి ఫోన్ చేశారు. అతనికి సందేహమేమీ లేదు. "చెప్పకక్కా. ఎనభై అయిదేళ్ల మనిషికి ఇప్పుడెందుకు? హైదరాబాద్‌లో ఎగ్‌లెస్ ప్లమ్ కేకు ఎక్కడైనా దొరుకుతుంది. అది కొని ఈ పెట్టెలో పెట్టెయ్. అమ్మ ఆచారమూ పోదు, నాన్న మాటా పోదు."

అంత తీసిపారేయాల్సిన సలహా కాదది. తండ్రి గుడ్డున్న కేకును గుడ్డు లేనిదన్నారు. కొడుకు గుడ్డు లేని కేకును ఆ దుకాణం కేకు అనమంటున్నాడు. అబద్ధం సైజు ఇంచుమించు ఒకటే. కానీ తండ్రి అబద్ధం వెనక మంచం పట్టిన మనిషి ఉన్నారు. ఇప్పుడు ఆవిడ ఆరోగ్యంగా ఉన్నారు, సీరియల్స్ చూస్తారు, పేపర్లో అక్షరం వదలరు. బజారు సరుకు ఏది తెచ్చినా పెట్టె తిప్పి ఆకుపచ్చ గుర్తు వెతుకుతారు. గుడ్డు కలిస్తే గోధుమరంగు గుర్తు వేయాలన్న నిబంధన 2001 నుంచి అమల్లోకి వచ్చింది. 1971లో పెట్టె మీద ఏ చుక్కా లేదు. మొగుడి మాట తప్ప మరో ఆధారం లేదు. ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పిన కూతురికి ఎటూ తోచలేదు. తండ్రి 1998లోనే పోయారు. ఆయన్ను అడిగే వీలూ లేదు.

హైదరాబాద్‌లో దిగిన మర్నాడు పద్మారావునగర్ ఫ్లాట్‌లో, మధ్యాహ్నం కాఫీ వేళకు, ఆమె పెట్టెను తల్లి ముందు పెట్టారు. విప్పకుండానే చెప్పేశారు. "అమ్మా, ఇందులో గుడ్డుంటుంది. అప్పుడు తెచ్చినవాటిల్లోనూ ఉండేది."

ఆవిడ పెట్టెను చూస్తూ ఊరుకున్నారు.

"మీ నాన్నగారికి తెలుసా?"

"తెలుసు."

"నీకు?"

"తెలుసమ్మా."

"చిన్నాడికి?"

"వాడికీ తెలుసు."

"అయితే ఇంట్లో నాకొక్కదానికే తెలీదన్నమాట" అన్నారు. గుడ్డు గురించి ఆవిడ అప్పుడేమీ అనలేదు. ఆ సాయంత్రం సీరియల్ పెట్టలేదు. రాత్రి మజ్జిగ తాగి పడుకున్నారు. కూతురికి నిద్ర పట్టలేదు. తమ్ముడు చెప్పినట్టు విని ఉండాల్సిందా అని తెల్లవార్లూ అనుకుంటూనే ఉన్నారు.

పొద్దున పూజ అయ్యాక ఆవిడ తనంతట తానే ఎత్తారు. "ఎన్ని పెట్టెలు తెచ్చారో గుర్తుందా నీకు?"

నాలుగో అయిదో అన్నారు కూతురు.

"అయిదు. నాలుగోది సగంలో ఉండగా నేను లేచి స్టవ్ వెలిగించాను. అయిదోది మీరే తిన్నారు." కాసేపాగి మళ్లీ అన్నారు. "ఆ నెల ఇంట్లో కాఫీ లేదు. ఆయన కాఫీ లేందే కదలరు కదా. లేక్ మార్కెట్‌కు సరుకు రావట్లేదు, యుద్ధం కదా అన్నారు. నెలంతా మన వీధి కొట్టు టీ తాగి ఆఫీసుకెళ్లారు. అదీ అబద్ధమే అయ్యుంటుంది."

ఆ లెక్క కూతురికి ఎప్పుడూ తట్టలేదు. గుమాస్తా జీతంలో నెలకు అయిదు కేకులు ఎక్కణ్ణుంచి వచ్చాయని ఇన్నేళ్లలో ఇద్దరు పిల్లల్లో ఒక్కరూ ఆలోచించలేదు.

ఆవిడ పెట్టె దగ్గరికి లాక్కుని మూత తీశారు. వాసన చూశారు. ముట్టుకోలేదు. "ఎన్నాళ్లు నిలవుంటుందే ఇది?" అని అడిగారు.

"నెల పైనే ఉంటుందమ్మా."

"అయితే ఉండనీ."

రెండో కేకును ఫ్లాట్లలో పిల్లలకు, వాచ్‌మన్ ఇంటికి పంచమన్నారు. మొదటిదాన్ని ఫ్రిజ్‌లో పాలు, పెరుగు ఉన్న అరలో కాకుండా అట్టడుగున, కూరగాయల డబ్బా పక్కన విడిగా పెట్టించారు. పనిమనిషి దాన్ని తీసి ఎవరికీ ఇచ్చేయకుండా చూడమని కూతురికి రెండుసార్లు చెప్పారు.